పల్లె ప్రశ్నలు: వార్డు మెంబర్ చేతిలో ఏముంది?

2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు అయ్యాయి కదా, అప్పట్నుంచి ఈ శీర్షికకి వస్తున్న ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో ఎక్కువ భాగం వార్డు మెంబర్లవే. సర్పంచ్‌ల గురించి టీవీలో వస్తది, పేపర్లో వస్తది, వార్డు మెంబర్ని మాత్రం గెలిచిన రోజు దండేసి మర్చిపోతారు. నేను మండలంలో పంచాయతీల పని చూసే అధికారిగా (ఈవోపీఆర్డీ) చేసి రిటైరయ్యాను, పంచాయతీ మీటింగులు దగ్గర్నుంచి చూసినవాణ్ణి, అందుకని ఈ నెల మొత్తం వాళ్ళ ప్రశ్నలకే ఇచ్చేస్తున్నా. పేర్లు, ఊర్లు వద్దన్నారు కాబట్టి వేయట్లేదు.

ప్రశ్న: నమస్తే సార్. నేను మొదటిసారి వార్డు మెంబర్‌గ గెలిచిన. ఇంట్ల మిషన్ కుట్టుకుంట బతుకుతం. గెలిచినప్పటి నుంచి పొద్దుమాపు ఒకటే ఫోన్లు, లైటు వెలుగుతలేదని, మోరీ నిండిందని, నల్లా వస్తలేదని, పింఛను ఆగిందని. సర్పంచ్ సాబ్‌ను అడిగితే ఫండ్స్ లేవు చెల్లె అంటడు. చూసి చూసి నా పైసలతోనే బల్బులు తెచ్చి పెట్టించిన. జీతం లేదు గీతం లేదు ఎందుకే ఈ తిప్పలు అని మా ఆయన కోపం చేస్తుండు. ఏం చెయ్యాలె? (ఉమ్మడి వరంగల్ జిల్లా)

అమ్మా, ముందు ఒక మాట. ఇంకెప్పుడూ బల్బులు మీ డబ్బుతో కొనకండి. ఇప్పటిదాకా కొన్నది కొన్నారు, మీ మంచితనం అది, కానీ దాంతో ఏమవుతుందంటే మీరు పెట్టించిన బల్బు పంచాయతీ లెక్కలో ఎక్కడా ఉండదు, రికార్డు ప్రకారం మీ వార్డులో లైట్లన్నీ బాగానే ఉన్నట్టు, రేపు అది కాలిపోతే మళ్ళీ మీ గుమ్మం దగ్గరికే వస్తారు, పక్క వార్డు మెంబర్ని కూడా "ఆమె పెట్టిస్తుంది నువ్వెందుకు పెట్టించవు" అంటారు. ఆ మెంబర్‌దీ రెక్కాడితే గానీ డొక్కాడని బతుకే అయి ఉంటుంది. సర్పంచ్‌కి ఎంతో కొంత గౌరవ వేతనం ఉంది, వార్డు మెంబర్‌కి అదీ లేదు. కుట్టుమిషన్ మీద వచ్చిన డబ్బుతో ఊరికి వెలుగు ఇవ్వమని మిమ్మల్ని ఏ చట్టమూ అడగలేదు.

ఫండ్స్ లేవని సర్పంచ్ అన్నది పూర్తిగా అబద్ధం కాదు. పాత పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి 1తో అయిపోయింది, అక్కణ్ణుంచి 2025 డిసెంబర్ దాకా స్పెషల్ ఆఫీసర్ల పాలనే, ఎన్నికైన పాలకవర్గం లేకపోయేసరికి కేంద్రం నుంచి ఆర్థిక సంఘం డబ్బులు ఆగిపోయాయి. ట్రాక్టర్ డీజిల్‌కి, మోటర్ రిపేర్లకి సెక్రెటరీలు జేబులోంచి పెట్టుకున్న ఊర్లు చాలా ఉన్నాయి. ఆ ఖాళీ గల్లాపెట్టే మీ సర్పంచ్ చేతికి వచ్చింది.

కానీ ఫండ్స్ అంటే ఒకటే సంచి కాదు. ఇంటిపన్ను, నల్లా బిల్లు, లైసెన్సు ఫీజులు, ఇవన్నీ జనరల్ ఫండ్. కేంద్రం ఇచ్చేది వేరు. 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం వంద రూపాయలొస్తే 60 రూపాయలు షరతుతో వచ్చేవి, అందులో సగం పారిశుధ్యానికి, సగం తాగునీళ్ళకి, వేరేదానికి కదపనిచ్చేవారు కాదు. మిగతా 40 ఊరి అవసరాన్ని బట్టి వాడుకోనిచ్చేవారు గానీ జీతాలకి కాదు. ఈ లెక్క 2026 మార్చి దాకానే, ఆ ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం షరతులు, అవేంటో సెక్రెటరీని అడిగి రాసి పెట్టుకోండి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీరు మోరీ నీళ్ళకి ఇంకుడు గుంత అడిగితే అది పారిశుధ్యం కిందికి వస్తుంది, లైట్లు అడిగితే ఆ షరతు డబ్బు ముట్టుకోలేరు, జనరల్ ఫండ్‌లోంచో షరతు లేని డబ్బులోంచో తీయాలి. "ఫండ్స్ లేవు" అన్నప్పుడు "ఏ ఫండ్ లేదు సార్, ఎంతుంది, దేంట్లో ఉంది" అని మర్యాదగా అడగండి, అడిగింది మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో రాయించండి.

ఇప్పుడు ఆ లైట్ల సంగతి. ఒక పని చేయండి, మధ్యాహ్నం పన్నెండింటికి మీ వార్డులో ఒక చుట్టు తిరిగి రండి. లైట్లు పట్టపగలు వెలుగుతున్నాయా చూడండి. చాలా ఊర్లలో అసలు జబ్బు అదే, స్తంభాల మీద వీధి లైట్ల కోసం విడిగా థర్డ్ వైర్ ఉండదు, స్విచ్ ఉండదు, ఇళ్ళకి పోయే లైన్‌కే బల్బు తగిలించేస్తారు, ఇంక అది రాత్రీపగలూ వెలుగుతూనే ఉంటుంది, రెండింతలు తొందరగా పోతుంది, కరెంటు బిల్లు మాత్రం పంచాయతీ మీద పడుతుంది. మీరు పెట్టించిన బల్బులు నిలవకపోతే కారణం బల్బులో లేదు, పైన ఆ వైర్‌లో ఉంది. కాబట్టి మీరు అడగాల్సింది థర్డ్ వైరూ స్విచ్చూ. పంచాయతీ తీర్మానం చేసి కరెంటు ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్) లెటర్ పెట్టాలి. బిల్లు తగ్గుతుంది కాబట్టి సర్పంచ్ కూడా కాదనడు.

ఫిర్యాదుల విషయం, ఒక పొడుగు నోట్‌బుక్ కొనుక్కోండి. ఎవరు చెప్పారు, ఏ రోజు, ఏం సమస్య, కరెంటు స్తంభం అయితే దాని మీద రాసున్న నంబర్. ఫోన్‌లో చెప్పిన మాట గాలికి పోతుంది. నెలకోసారి పంచాయతీ మీటింగ్ పెట్టాలి, తెలంగాణ 2018 చట్టంలోనే ఉంది అది, దానికి ముందే మీ వార్డు సమస్యలు ఒక కాగితం మీద రాసి సెక్రెటరీకి ఇచ్చి, ఇంకో కాపీ మీద తేదీ వేసి సంతకం పెట్టించుకోండి, అజెండాలో పెట్టమని అడగండి. మొదటిసారి నవ్వుతారేమో, నవ్వనీయండి. రెండు మీటింగులయ్యాక మీ కాగితం కోసం వాళ్ళే అడుగుతారు, ఎందుకంటే పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తే సెక్రెటరీకి చూపించుకోవడానికి అదే కావాలి.

పింఛను లాంటివి మీరు మంజూరు చేసేవి కావు, ఆ మాట సూటిగా చెప్పేయండి, అప్లికేషన్ ఎక్కడ ఇవ్వాలో చెప్తే చాలు. రాత్రి ఫోన్లకి ఒక టైమ్ పెట్టండి, ప్రమాదమైతే తప్ప ఎనిమిది దాటాక వద్దని వార్డు గ్రూపులో మెసేజ్ పెట్టండి. మీ ఆయనకి మాట అర్థమవుతుంది, ఇంటి డబ్బు పోవట్లేదని కనిపిస్తే కోపం సగం తగ్గుతుంది.

ఇంకొకటి. మీ ఉమ్మడి జిల్లాలోనే గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది, వీలైతే ఒకసారి వెళ్ళి చూసి రండి. అక్కడ నీళ్ళకో కమిటీ, పారిశుధ్యానికో కమిటీ, ఇట్లా ఊరి జనమే కమిటీలుగా కూర్చుని పని పంచుకున్నారు, మెంబర్ ఒక్కరి నెత్తిన పడేయలేదు. మీ వార్డులో కూడా సంఘం ఆడవాళ్ళలో నలుగురిని కూడగట్టండి, లైట్ల లెక్క ఒకరికి, నల్లాల లెక్క ఒకరికి.

ప్రశ్న: నేను వార్డు మెంబర్‌గా పోటీ చేసి తక్కువ ఓట్లతో ఓడిపోయాను. ఖర్చు లెక్కలు ఇవ్వమని నోటీసు వచ్చింది. ఓడినోళ్ళం మాకెందుకు? (నిజామాబాద్ జిల్లా)

ఇవ్వాలి తమ్ముడూ, గెలిచినా ఓడినా ఇవ్వాలి. ఫలితం వచ్చిన రోజు నుంచి 45 రోజులు. మొదటి విడత వాళ్ళకి 2026 జనవరి 25, మూడో విడత వాళ్ళకి జనవరి 31 గడువు. 5 వేల లోపు జనాభా ఉన్న ఊర్లో వార్డు మెంబర్ 30 వేలు, అంతకంటే పెద్ద ఊర్లో 50 వేలు దాటకూడదు. ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీ చేయనివ్వరు. టీ ఖర్చు, పాంప్లెట్లు, ఆటో, ఉన్నది ఉన్నట్టు రాసి ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చేసి రసీదు తీసుకోండి. మళ్ళీ నిలబడే ఆలోచన లేకపోయినా ఇవ్వండి, మనసు మారొచ్చు.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదివాను, మహిళా రిజర్వేషన్‌లో వార్డు మెంబర్ అయ్యాను. మీటింగ్‌కి మా మామగారు వెళ్తున్నారు. రిజిస్టర్ ఇంటికి పంపిస్తారు, నేను సంతకం పెడతాను. ఏం రాశారో చదవబోతే "టైం లేదమ్మా పెట్టేయండి" అంటున్నాడు తెచ్చినతను. ఇంట్లో గొడవ కాకుండా నేనే వెళ్ళడం ఎట్లా? (నల్గొండ జిల్లా)

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఊరుకోలేకపోయానమ్మా. ఎన్ని ఊర్లలో చూశానో ఈ రిజిస్టర్ ప్రయాణం. కారోబార్, అంటే పంచాయతీ గుమాస్తా, చంకలో రిజిస్టర్ పెట్టుకుని గడప గడపకీ తిరుగుతాడు, వాకిట్లో నిలబడే పెన్ను మూత తీస్తాడు, ఏ పేజీలో సంతకం కావాలో అక్కడ వేలు పెట్టి పట్టుకుంటాడు, పైన ఏముందో కనపడకుండా. ఆ వేలు కింద లక్షల రూపాయల తీర్మానం ఉండొచ్చు. పెట్టిన సంతకం మీది, రేపు ఆడిట్‌లో తేడా వస్తే మీ మామగారిని పిలవరు, మిమ్మల్నే పిలుస్తారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. రాజ్యాంగం 73వ సవరణ మూడో వంతు అంది, మన రాష్ట్రాలు సగం చేశాయి. కానీ కుర్చీలో కూర్చునేది వేరేవాళ్ళయితే ఆ సగం ఎక్కడిది? ఎన్నికైన మహిళ బదులు భర్తో, మామో, కొడుకో కూర్చునే హక్కు ఏ చట్టంలోనూ లేదు. ఇది దేశమంతా ఉన్న రోగమే, సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దీని మీద కమిటీ కూడా వేసింది.

ఇంట్లో గొడవ లేకుండా అన్నారు కాబట్టి దారి చెప్తాను. మామగారితో హక్కుల గురించి మొదలుపెట్టకండి, భయం గురించి మాట్లాడండి, ఆయన భయం. "మామయ్యా, సంతకం నాది, రేపు డబ్బు తిరిగి కట్టమని రికవరీ అంటే మన ఇంటి మీదకే వస్తుంది, ఏం రాశారో నేను చదివితేనే మనకి సేఫ్" అని చెప్పండి. చాలామంది పెద్దవాళ్ళు ఇక్కడ మెత్తబడతారు. మొదటి మీటింగ్‌కి ఆయనతోనే వెళ్ళండి, ఆయన్ని బయట అరుగు మీద కూర్చోమనండి, మీరు లోపల కూర్చోండి. మీలాంటి మెంబర్లు ఇంకొకరో ఇద్దరో ఉంటారు, కలిసి వెళ్ళండి, ఒక్కరే ఆడమనిషి గదిలో ఉంటే మాట పెగలదు, ఇద్దరుంటే గది తీరే మారుతుంది.

ఇక రిజిస్టర్ ఇంటికొస్తే, "మీటింగ్‌లో పెడతాను, ఇక్కడ పెట్టను" అని ఒక్కసారి అనండి, గొంతు పెంచక్కర్లేదు. మీటింగ్‌లో కూడా ఖాళీ పేజీ మీద, తీర్మానాలకి మధ్యలో ఖాళీ వదిలిన పేజీ మీద పెట్టకండి. చివరి తీర్మానం అయిపోయిన లైను కిందనే, సందు లేకుండా పెట్టండి. ఒప్పుకోని తీర్మానం ఉంటే "నాకు అభ్యంతరం ఉంది" అని మీ చేతి రాతతో రాసి సంతకం పెట్టండి. డిగ్రీ చదివిన పిల్లవి, ఊర్లో ఆ రిజిస్టర్ని మొదటినుంచి చివరిదాకా చదవగలిగిన వాళ్ళెంతమంది? నువ్వు చదవాలి తల్లీ.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది ఆంధ్రా, 2021 ఫిబ్రవరిలో వార్డు మెంబరుగా గెలిచాను. 2026 ఏప్రిల్‌తో మా టెర్మ్ అయిపోద్ది. సర్పంచిది ఒక పార్టీ, నాది ఇంకోటి, అయిదేళ్ళలో ఒక్క అజెండా కాగితం సరిగ్గా అందలేదు. పైగా సచివాలయాలు, వాలంటీర్లు వచ్చాక జనం మా మొహమే చూడలేదు. ఏం చేశావని అడిగితే చెప్పుకోడానికి ఏం లేదు. మళ్ళీ నిలబడమంటున్నారు మా వాళ్ళు, నిలబడాలా? (గుంటూరు జిల్లా)

అయ్యా, మీ బాధలో న్యాయం ఉంది. 2019లో వాలంటీర్ల వ్యవస్థ వచ్చినప్పుడు 50 ఇళ్ళకొకరిని పెట్టి నెలకి 5 వేలు ఇచ్చారు. అదే వీధిలో జనం ఓట్లేసి గెలిపించిన మెంబరుకి రూపాయి లేదు, సమాచారం లేదు, సెల్‌ఫోన్‌లో ఒక లిస్టు కూడా లేదు. పింఛను తెచ్చి చేతిలో పెట్టే మనిషి దగ్గరికే జనం వెళ్తారు, తప్పు పట్టలేం. ఆ పిల్లలు కష్టపడలేదని నేననను, చాలా కష్టపడ్డారు. కానీ పంచాయతీని పక్కనపెట్టి పథకాలు నడిపితే ఎన్నికైన మనిషి ఉత్త దిష్టిబొమ్మ అయిపోతాడు, ఇది ఏ ప్రభుత్వం చేసినా తప్పే, నా అభిప్రాయం మారదు.

సర్పంచిది వేరే పార్టీ అయితే డబ్బు లెక్క దొరకదు అనుకుంటారు చాలామంది, దొరుకుతుంది. ఇ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ 2020 ఏప్రిల్ నుంచి ఉంది, ఎవరైనా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఏ సంవత్సరం ఏ పనులు ప్లాన్‌లో పెట్టారు, ఎంత చెల్లించారు అన్నది వస్తుంది. 'మేరీ పంచాయత్' అని ఫోన్ యాప్ కూడా ఉంది. అందులో మీ వీధి సైడు కాలవకి డబ్బు చెల్లించినట్టు ఉండి వీధిలో కాలవ లేకపోతే, అప్పుడు ఎంబీ రికార్డు (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ కావాలని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ పుస్తకంలోనే కాలవ పొడుగెంత, లోతెంత, ఎవరు కొలిచారు అన్నది ఉంటుంది. 30 రోజుల్లో ఇవ్వాలి. కాపీ వచ్చాక టేపు పట్టుకుని వీధి జనం ముందే కొలవండి, మీరేమీ అరవక్కర్లేదు.

రెండోది గ్రామసభ. పంచాయతీ మీటింగ్‌లో మీరు మైనారిటీ అయ్యుండొచ్చు, గ్రామసభలో ఊరంతా ఉంటుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు గుర్తుందా, ఆ రోజు మీ వార్డు నుంచి పదిమంది లేచి నిలబడి ఒకే సమస్య అడిగుంటే అది తీర్మానంలోకి ఎక్కేది. ఊర్లో మనవాళ్ళు చేసే పనేంటంటే సభకి రారు, వచ్చినా వెనకాల చెట్టు కింద కబుర్లు చెప్పుకుంటారు, తర్వాత మెంబర్ని తిడతారు. మెంబరు పని సభకి ముందు రోజు ఇంటింటికీ తిరిగి జనాన్ని తీసుకురావడం. దానికి సర్పంచ్ పర్మిషన్ అక్కర్లేదు.

నిలబడాలా అంటే, నిలబడండి అంటాను. కారణం చెప్తాను. అయిదేళ్ళు ఆ గదిలో కూర్చున్నారు, ఎక్కడ తొక్కిపెడతారో, ఏ కాగితం ఎవరి బీరువాలో ఉంటుందో మీకు తెలుసు, కొత్తగా వచ్చేవాడికి అది తెలియడానికే రెండేళ్ళు పడుతుంది. కాకపోతే ఒంటరిగా కాదు. వార్డు మెంబర్లే కదా ఉపసర్పంచ్‌ని ఎన్నుకునేది, ఆ ఒక్క ఓటు చాలా విలువైంది, దాన్ని పార్టీ వాళ్ళు రాత్రికి రాత్రి విందులిచ్చి కొనేస్తారు. తెలంగాణలో అయితే చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలని 2018 చట్టం పెట్టింది, అంటే అక్కడ మెంబర్లు ఓటేసి ఎన్నుకుంటున్నది ఊరి డబ్బుకి రెండో తాళంచెవి. మీ దగ్గర ఆ నియమం లేకపోయినా, పార్టీతో సంబంధం లేకుండా నలుగురైదుగురు మెంబర్లు ముందే మాట్లాడుకుని "ప్రతి నెలా మీటింగ్, ముందుగా అజెండా, ఖర్చుల లిస్టు నోటీసు బోర్డు మీద" అని మాటిచ్చే మనిషికే ఉపసర్పంచ్ ఓటు వేస్తే చాలు. మొదటి రోజు తప్పితే ఆ పట్టు అయిదేళ్ళలో మళ్ళీ దొరకదు.

గెలిస్తే మొదటి నెలలోనే సర్పంచ్ ఇంటికి వెళ్ళి టీ తాగి రండి, ఏ పార్టీ అయినా సరే. తగాదా రోడ్ల మీద కాకుండా మినిట్స్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా ఊరికి వాటర్ ప్లాంట్ పెట్టిద్దామని ఫ్రెండ్స్ అందరం డబ్బులు పోగేశాం. మా క్లాస్‌మేట్ అక్కడ వార్డు మెంబర్, అతని అకౌంట్‌కి పంపేస్తే సరిపోతుందా? (కరీంనగర్ జిల్లా నుంచి వెళ్ళిన స్నేహితులు)

వద్దు. మీ ఫ్రెండ్ మంచివాడే అయ్యుంటాడు, అందుకే వద్దు. పెద్ద మొత్తం వార్డు మెంబర్ సొంత అకౌంట్లో పడిందని ఊర్లో తెలిస్తే ఆయన మొహం ఎత్తుకు తిరగలేడు, ఒక్క రూపాయి తినకపోయినా సరే. ముందు ఆయన్నే అడగండి, ఊరికి ప్లాంట్ కావాలా అని, ఎందుకంటే చాలా ఊర్లలో ఇట్లాగే కట్టించిన ప్లాంట్లు ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చే డబ్బు లేక తాళం వేసి ఉన్నాయి. ఆ డబ్బుతో బడిలో ఆడపిల్లలకి బాత్రూములో, కాలిపోయిన బోరు మోటరో ఎక్కువ అవసరమేమో. ప్లాంటే కావాలంటే 20 లీటర్ల క్యాన్‌కి ఎంత తీసుకుంటారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, నెలకి మిగిలింది ఎక్కడ దాస్తారు, ఇవన్నీ గ్రామసభలో తేల్చుకుని తీర్మానం రాయించమనండి.

ఇంకో విషయం మీకు పనికొస్తుంది. తెలంగాణ చట్టంలో పంచాయతీకి ముగ్గురు కో-ఆప్షన్ మెంబర్లని, అంటే ఎన్నికల్లో గెలవకుండా పంచాయతీలోకి తీసుకునేవాళ్ళని, పెట్టుకోవచ్చు, అందులో ఒకరు ఊరికి విరాళం ఇచ్చిన దాత ఉండొచ్చు. ఓటు హక్కు ఉండదు గానీ మీటింగ్‌లో కూర్చుని మాట్లాడొచ్చు. మీ బ్యాచ్‌లో ఊర్లోనే ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పేరు అడగండి, మీ ఫ్రెండ్‌కి మీటింగ్‌లో పక్కన ఒక మనిషి తోడుంటాడు. డబ్బు మాత్రం తీర్మానం కాపీ మీ చేతికి వచ్చాకే, పంచాయతీ అకౌంట్‌కే పంపండి, బిల్లులన్నీ పంచాయతీ పేరు మీదే ఉండాలని ముందే చెప్పండి. విదేశం నుంచి వచ్చే డబ్బు కాబట్టి పంపే ముందు అక్కడి బ్యాంకులోనూ, ఇక్కడ ఒక ఆడిటర్నీ ఒక మాట అడిగి పంపండి.